చలికాలమున ఇంటికోడి

చలికాలపు తెల్లవాఱుజామున పల్లెలో మొదట వినవచ్చునది కోడికూత. ఆ కూత విని కొందఱు లేచెదరు. కొందఱు దుప్పటి మఱికొంత పైకి లాగుకొని అటు తిరిగి పరుండెదరు. పెరటిలో మంచు కురియుచుండగా గంపక్రింద ముడుచుకొని యున్న ఆ ప్రాణి రాత్రి యెట్లు గడపినదో యోచించువారు మాత్రము అరుదు. నేడు మేము శ్రోతలకు చెప్పదలచినది ఆ ప్రాణి చలికాలపు చరిత్ర.

ముందుగా మా యింటి ముచ్చట యొకటి చెప్పవలసి యున్నది. మా చిన్ననాట, విశాఖ మన్యపు కొండల దిగువనున్న మా పల్లెలో, మాకొక నల్లని కోడిపెట్ట యుండెడిది. అది కూరకొఱకు పెంచినది కాదు. పిల్లగా నున్నప్పుడు గద్ద తన్నుకొనిపోవుచు జారవిడువగా మా వాకిట పడినది. కుంటికాలితో మా వెంటనే తిరిగి పెరిగినది. ఒక పుష్యమాసపు రాత్రి చలి మిక్కుటముగా నుండెను. మేము దానిపై జాలిగొని, గంపపై రెండు గోనెపట్టాలు కప్పి, అంచులచుట్టును తడిమన్ను మెత్తి, గాలి చొరకుండ కట్టుదిట్టము చేసి నిశ్చింతగా నిదురించితిమి. తెల్లవారి గంప యెత్తి చూచితిమి గదా, గోనెపట్ట లోపలివైపు తడిసి యున్నది. కోడి యీకలు తడిసి ఒంటికి అంటుకొని యున్నవి. అది నోరు తెఱచి గురగురమని ఊపిరి తీయుచున్నది. ఆ రాత్రి వాన లేదు. మఱి ఆ తడి యెక్కడిది?

మా నాయనమ్మ మమ్ము కోపపడలేదు. కోడిని ఎత్తి పెరటి పొయ్యిప్రక్కనున్న పొడిబూడిదలో వదలినది. దాని దుప్పటి దాని ఒంటిమీదనే యున్నదనియు, మనము దానికి ఇయ్యవలసినది కాళ్లక్రింద పొడినేల, తలపైన కొంచెము గాలి మాత్రమేయనియు చెప్పినది. ఆ మాట అప్పుడు మాకు పెద్దగా పట్టలేదు. పెరిగి పెద్దవారమై, కోళ్లనుగూర్చి చదువ మొదలిడిన తరువాత తెలిసినది: ఆ యొక్క మాటను నేర్చుకొని, మఱచి, మరల నేర్చుకొనుటకు లోకమునకు రమారమి రెండువేల యేండ్లు పట్టినది.

కోడి పుట్టినిల్లు వెచ్చని యడవి. మన పెరటికోడికి మూలము ఎఱ్ఱ అడవికోడి. 2020లో ప్రకటింపబడిన విస్తృతమైన జన్యుపరిశోధనను బట్టి, నైరుతి చైనా, ఉత్తర థాయిలాండు, బర్మా ప్రాంతములయందలి అడవికోడి యుపజాతియే నేటి యింటికోళ్లకు మిక్కిలి దగ్గఱ బంధువు. 2022లో పురావస్తు శాస్త్రజ్ఞులు మఱియొక సంగతి తేల్చిరి. ఇంటికోడివని నిశ్చయముగా చెప్పదగిన యెముకలలో మిక్కిలి ప్రాచీనమైనవి మధ్య థాయిలాండులోని బాన్ నోన్ వాట్ అను చోట దొరికినవి. వాని కాలము క్రీస్తుపూర్వము 1650 మొదలు 1250 వఱకు. వరి, చిరుధాన్యములు పండించు పొలములచెంత రాలిన గింజలకొఱకు అడవికోడి దిగివచ్చి, క్రమముగా మనుష్యునికి చేరువయ్యెనని వారి యభిప్రాయము.

ఆ వెచ్చని దేశపు పక్షి పడమటి దిక్కునకు ప్రయాణించి, క్రీస్తుపూర్వము 800 ప్రాంతమున మధ్యధరా సముద్రతీరపు ఐరోపాను చేరినది. అక్కడినుండి స్కాట్లండు, ఐర్లండు, స్కాండినేవియా, ఐస్లాండు వంటి శీతలదేశములలో నిలదొక్కుకొనుటకు దానికి ఇంచుమించు మఱియొక వేయి సంవత్సరములు పట్టెనని ఆ పరిశోధకులే తెలిపిరి. సముద్రములు దాటగలిగిన పక్షికి చలికాలము దాటుట అంత కష్టమైనది.

ఇక్కడ శ్రోతలకు వింతగా తోచు సంగతి యొకటి కలదు. కోడిని ముద్దుకొఱకు పెంచుట నేటి నగరవాసుల వేడుకయని మనము తలంచుచుందుము. కాని ఐరోపాలో తొలినాటి కోళ్లు తినుటకు పెంచినవి కావు. ఇనుపయుగపు త్రవ్వకములలో, కోత గుర్తులు లేని ముసలికోళ్ల యస్థిపంజరములు ఒంటరిగా పాతిపెట్టబడి దొరికినవి. క్రీస్తుపూర్వము 55, 54 సంవత్సరములలో బ్రిటన్‌పై దండెత్తిన జూలియస్ సీజరు సయితము, అచటివారు కోడిని, పెద్దబాతును, కుందేలును తినుట తప్పుగా నెంచి వానిని కేవలము వినోదమునకు పెంచుదురని వ్రాసియున్నాడు. కాబట్టి ఆ దేశములలో ముద్దుకోడి కూరకోడికంటె ముందు పుట్టినది. దానిని చలినుండి కాపాడవలెనన్న తపన యంతటి ప్రాచీనమైనదే.

ఆ తపనకు లిఖితరూపము నిచ్చినవారిలో ముఖ్యుడు కొలుమెల్లా. ఈతడు క్రీస్తుశకము మొదటి శతాబ్దివాడు, స్పెయిను దేశపు కాదిజు నగరమున పుట్టిన రోమనుడు. వ్యవసాయముపై పండ్రెండు సంపుటముల గ్రంథము రచించెను. అందు ఎనిమిదవది కోళ్లు మొదలగు పెంపుడు పక్షులకు సంబంధించినది. కోళ్లగూడు శీతకాలపు సూర్యోదయదిక్కునకు, అనగా ఆగ్నేయమునకు అభిముఖముగా నుండవలెననియు, వంటయింటినో రొట్టెల పొయ్యినో ఆనుకొని యుండవలెననియు, ఆ పొగ కోళ్లకు మేలు చేయుననియు అతడు చెప్పెను. పొగవలన మేలు లేదని నేడు మనకు తెలియును. కోడి యూపిరితిత్తులు మిక్కిలి సుకుమారమైనవి. అయినను పొయ్యిగోడ పొడిగా నుండునుగదా! మేలు చేసినది ఆ పొడిదనమని మనము ఊహింపవచ్చును.

కొలుమెల్లా చెప్పిన మఱి రెండు మాటలు నేటికిని చెల్లుచున్నవి. కోళ్లు రాత్రి ఎక్కి కూర్చుండు కఱ్ఱను గుండ్రముగా విడువక నాలుగు పలకలుగా చెక్కవలెను; దాని క్రింది రెట్ట కాళ్లకు అంటినచో పాదములకు వాపురోగము వచ్చును. ఇది యొకటి. చావడిక్రింద, వాన పడనిచోట, గోడవారగా పొడిదుమ్మును బూడిదను పోసి ఉంచవలెను. కోళ్లు అందు పొరలాడి తమ యీకలను శుభ్రపఱచుకొనును. ఇది రెండవది. మా నాయనమ్మ కొలుమెల్లాను ఎఱుగదు. కాని ఆమె పొయ్యిప్రక్క బూడిదకును, అతని గోడవార బూడిదకును భేదము లేదు.

ఈ మాటలలోని తత్త్వము తెలియవలెనన్న కోడిదేహమును కొంచెము పరిశీలింపవలెను. కోడి ఒంటివేడి సుమారు 41 సెంటీగ్రేడు డిగ్రీలు. మనకు జ్వరమనదగినది దానికి ఆరోగ్యము. పై యీకలక్రింద మెత్తని నూగు కలదు. చలివేళ కోడి ఒళ్లు ఉబ్బించుకొని కూర్చుండుట మనము చూచుచుందుము. అప్పుడు ఆ నూగునడుమ గాలి చిక్కుకొని, వేడిని వెలికి పోనీయక నిలుపును. నిద్రించునప్పుడు తలను రెక్కలో దూర్చును. వెడల్పైన కఱ్ఱపై కూర్చున్నచో రొమ్ముఈకలు పాదములనుగూడ కప్పును. తోకమొదట నున్న గ్రంథినుండి నూనెను ముక్కుతో తీసి ఈకలకు రాచుకొనును. ఇంత యేర్పాటుండగా పొడిచలి దానిని త్వరగా బాధింపజాలదు. కాని ఆ నూగు తడిసెనా, గాలిపొర పోయినట్లే. తడిసిన దుప్పటి కప్పుకొన్న మనుష్యునికంటె దాని స్థితి మెఱుగు కాదు.

ఇక ఆ తడి యెక్కడినుండి వచ్చును? కోడి యూపిరినుండి, రెట్టనుండి. అప్పుడే పడిన రెట్టలో ముప్పాతికవంతు నీరే. మూసిన గూటిలో ఈ నీరు ఆవిరియై పైకి లేచి, చల్లని కప్పును తాకి, బిందువులై మరల కోడిపైననే పడును. రెట్టనుండి పుట్టు అమ్మోనియా ఘాటు కన్నులను, శ్వాసనాళమును దెబ్బతీయును. ఆనాడు మా గోనెపట్ట లోపలివైపున మేము చూచిన తడి మా కోడి తన యూపిరితో తానే తెచ్చుకొన్నది. దానిని బయటికి పోనీయకుండ మన్నుతో మెత్తినవారము మేము.

మధ్యయుగములలోను, ఆ తరువాతను ఉత్తర ఐరోపా పల్లెవాసులు చలికాలపు కోడిని తమ యింటనే పెట్టుకొనిరి. స్కాట్లండు దీవులలోను, ఐర్లండు పల్లెలలోను ఒకే కప్పుక్రింద మనుష్యులు, ఆవులు, కోళ్లు చలికాలము గడపెడివారు. పొగగొట్టము లేని ఆ యిండ్లలో నడుమ మంట. పైన దూలములపై కోళ్లు. శుభ్రత యంతంతమాత్రమే యైనను, గడ్డికప్పు సందులగుండ పొగతోపాటు ఆవిరియు వెడలిపోయెడిది. బీదవాని కోడికి దక్కిన ఆ గాలి తరువాతికాలమున ధనవంతుని కోడికి దక్కలేదు.

ఆ ధనవంతుని కోడి 19వ శతాబ్ది నడుమ వచ్చినది. 1840 దశకమున చైనానుండి కొచ్చిన్ అను పెద్దకోళ్లు ఇంగ్లండు చేరినవి. విక్టోరియా రాణి విండ్సరు కోటతోటలో కోళ్లకై యొక సుందరభవనమే కట్టించెను. రాణి పెంచినది లోకమెల్ల పెంచును గదా! 1849 నవంబరులో అమెరికాలోని బోస్టను నగరమున గొప్ప కోళ్ల ప్రదర్శనము జరిగినది. జనులు ఒక్కొక్క జతకు విపరీతమైన వెలలు పెట్టిరి. ఆ వెఱ్ఱికి కోళ్లజ్వరము అని పేరు వచ్చినది. ఆ వ్యాపారములో తల మునిగిన జార్జి బర్న్‌హామ్ అను నతడు 1852లో తొమ్మిది పెద్దకోళ్లను రాణికి కానుకగా పంపి, 1855లో ఆ జ్వరచరిత్రనే హాస్యముగా గ్రంథస్థము చేసెను.

ఆ కాలపు ప్రసిద్ధజాతులలో నొకదానికి మన నదిపేరు పెట్టిరి. అది బ్రహ్మపుత్ర, పలుకుటకు సులువుగా బ్రహ్మా అయినది. చైనా పెద్దకోళ్లును, చిట్టగాంగు ప్రాంతపు కోళ్లును కలసి దాని వంశములో నున్నవని పరిశీలకుల యభిప్రాయము. దట్టమైన యీకలు, చిన్న జుట్టు గల యీ కోడి చలికాలమునను గ్రుడ్లు పెట్టునని కీర్తి గాంచెను. దాని కాళ్లకును ఈకలుండుటచే, మేజోళ్లు తొడిగినట్లు చలికి సిద్ధమై వచ్చినదని కొన్నవారు మురిసిరి. అనుభవము వేరొకటి నేర్పినది. బురదలో, కరగు హిమములో తిరిగినచో ఆ కాళ్లయీకలు తడిసి, రాత్రికి గడ్డకట్టి, పాదములకే చేటు తెచ్చును. మేజోడు తడిసినచో బోడికాలే మేలుగదా!

వెల పెరిగినకొలది ప్రేమయు, ప్రేమతోపాటు భయమును పెరిగినవి. ఎన్నో డాలర్లు పోసి కొన్న కోడి చలికి చచ్చునేమోయని, అమెరికాలో పలువురు గూళ్ల సందులన్నియు మూసిరి. రెండుపొరల గోడలు కట్టిరి. దక్షిణమున పెద్ద అద్దపు కిటికీలు పెట్టిరి. కొందఱు లోపల ఇనుపపొయ్యిలును రగిల్చిరి. పగలు అద్దముద్వారా వేడి పోగయ్యెడిది. రాత్రి ఆ యద్దముగుండనే వెడలిపోయి, గోడలు చెమర్చెడివి. ముక్కు కాఱి, కన్నులు వాచి, గొంతు గురకపెట్టు తెగులు ఆ గూళ్లలో ప్రబలెను. అది చూచి యజమానులు చలియే కారణమని తలంచి మిగిలిన సందులనుగూడ మూసిరి. మేము గంపకు మన్ను మెత్తితిమి. వారు గోడకు బద్దలు కొట్టిరి. పొరపాటు ఒక్కటే.

దీనినుండి కోడిని విడిపించినవారు 20వ శతాబ్ది తొలి సంవత్సరములయందలి ప్రయోగశీలురు. అమెరికాలో హిమము మెండుగా కురియు మెయిన్ రాష్ట్రమున, ఓరోనో వ్యవసాయ ప్రయోగశాలయందు గోవెల్ అను ఆచార్యుడు గూటి ముందుగోడలో అద్దమునకు మాఱుగా గుడ్డతెర కట్టించెను. గుడ్డ గాలివిసురును ఆపును; ఆవిరిని ఆపదు. మసాచుసెట్స్ రాష్ట్రమున టోల్‌మన్ అను పెంపకందారు ఇంకను సాహసించి ముందుభాగము నంతయు తెఱచియే ఉంచెను. 1912లో ప్రిన్స్ వుడ్స్ అను వైద్యుడు ఈ అనుభవముల నన్నింటిని కూర్చి, ఎట్టి శీతోష్ణస్థితికైనను తగిన బయటిగాలి గూళ్లనుగూర్చి యొక పుస్తకము ప్రకటించెను.

ఆ గూటి మర్మము మిక్కిలి సులభము. మూడువైపుల సందులేని గోడలు; దక్షిణపువైపు తెఱపి; గూడు వెడల్పుకంటె లోతు ఎక్కువ; కోళ్లు కూర్చుండు కఱ్ఱలు వెనుకగోడచెంత. మూడువైపుల మూసియుండుటచే గాలివిసురు లోపలికి దూసుకొని రాదు. ముందు తెఱచియుండుటచే ఆవిరి నిలువదు. లోపల, బయట చలి యొక్కటే యైనను, నేల పొడి, గాలి శుభ్రము. నీళ్లు గడ్డకట్టు రాత్రులయందును అట్టి గూళ్లలో కోళ్లు ఆరోగ్యముగా నిదురించుట చూచి ఇరుగుపొరుగువారు ఆశ్చర్యపడిరి.

చలికాలమున గ్రుడ్లు తగ్గుటకును చలియే కారణమని చిరకాలము నమ్మిరి, అందులకే పొయ్యిలు. ఆ నమ్మకమును తఱిగించినది విద్యుద్దీపము. పగటివెలుగు తగ్గినప్పుడు కోడిదేహము గ్రుడ్లుపెట్టుట తగ్గించుకొని విశ్రమించును. పెట్టలు నిండుగా పెట్టుటకు దినమునకు 14 గంటలు, అంతకు మించి వెలుతురు కావలెను. వెలుతురు లోపము చేసిన పనికి చలిని నిందించితిమి. వ్యాపారమునకు పెంచువారు దీపము పెట్టుకొందురు. ఇంటి ముద్దుకోడికి మాత్రము ఆ విశ్రాంతి ప్రకృతి యిచ్చిన సెలవుగా నెంచుట ఉచితము.

అయినను, ఈకలు కప్పని భాగములు కోడికి రెండున్నవి: తలమీది ఎఱ్ఱని జుట్టు, ముక్కుక్రింద వ్రేలాడు ఎఱ్ఱని తమ్మెలు. శీతలదేశములలో ఇవి గడ్డకట్టి, కొసలు నల్లబడి రాలిపోవును. గూటిలో తేమ యున్నచో ఈ ఆపద మఱింత త్వరగా వచ్చును. కెనడాలోని క్వెబెక్ రాష్ట్రమున, ఓకా అను చోటనున్న క్రైస్తవ మఠపు వ్యవసాయశాలలో బ్రదర్ విల్‌ఫ్రిడ్ అను సన్న్యాసి యుండెను. తమ దేశమున పెరుగు కోళ్లన్నియు పరదేశపు జాతులేయనియు, తమ చలికి తగిన కోడి యొక్కటియు లేదనియు 1907లో అతనికి తోచెను. మఱుసటి యేట పని మొదలిడి, ఐదుజాతుల కోళ్లను క్రమముగా సంకరము చేసి, 1918లో ఒక తెల్లనికోడిని లోకమునకు చూపెను. దాని పేరు షాంటెక్లేర్. జుట్టు తలకు అంటుకొనిన చిన్న దిండువలె నుండును. తమ్మెలు లేనట్లే యుండును. చలి కఱచుటకు దానిలో చోటులేదు.

ఆ ఐదుజాతులలో నొకటి కార్నిష్. ఇంగ్లండులోని కార్న్‌వాల్ సీమలో 19వ శతాబ్దిలో ఏర్పడిన ఆ జాతికి మూలపురుషుడు మన దేశపు ఆసిల్‌కోడి. ఆసిల్‌కోడి పుట్టిన సీమలలో మన ఆంధ్రదేశము నొకటి. సంక్రాంతి బరులలో పేరుమోసిన కోడి యిదియే. దాని జుట్టు బఠాణీగింజలు వరుసగా పేర్చినట్లు చిన్నదిగా, తలకు అంటియుండును. పోరులో ఎదిరి ముక్కునకు పట్టు దొరకదు. జుట్టు ఆకారము తరతరములకు ఎట్లు సంక్రమించునో 1902లో బేట్‌సన్ అను శాస్త్రజ్ఞుడు చూపి, మెండెల్ సూత్రములు జంతువులకును వర్తించునని స్థాపించెను. 2009లో మఱికొందఱు పరిశోధకులు సాక్స్5 అను జన్యువులోని యొక చిన్నభాగము మాటిమాటికి పునరావృతమగుటయే బఠాణీజుట్టునకు కారణమని కనుగొనిరి. వేడిదేశపు బరిలో పగవాని ముక్కునుండి తప్పించిన చిన్నజుట్టు, సప్తసముద్రముల కావల హిమమునుండి తప్పించుటకు సన్న్యాసిచేతికి పనిముట్టయినది. షాంటెక్లేర్‌ను 1999లో క్వెబెక్ శాసనసభ తమ వ్యవసాయ వారసత్వములో భాగముగా గుర్తించినది.

ఇక శుభ్రతమాట. ప్రదర్శనములకు తీసికొనిపోవు కోళ్లను గోరువెచ్చని సబ్బునీట కడిగి, మంటచెంత ఆఱబెట్టు నలవాటు విక్టోరియా కాలమునుండి కలదు. అది చూచి ముద్దుకోడికిని వారమువారము స్నానము చేయింపబోవుట తగదు. నీటిస్నానముచే ఈకల నూనె పోవును. లోనూగు ఆఱుటకు చాలకాలము పట్టును. కోడికి ప్రకృతి చెప్పిన స్నానము దుమ్ముస్నానమే. పొడిదుమ్ము ఈకలలోని మిగులునూనెను పీల్చును, పేలను రాల్చును. పరుపు విషయమున 1940 దశకమున అమెరికాలోని ఒహాయో వ్యవసాయ ప్రయోగశాలవారు మఱియొక సంగతి నిరూపించిరి. గూటి పరుపును మాటిమాటికి తీసివేయక, పొడిగా ఉంచి, కలియబెట్టుచు, పైపైన క్రొత్తది చల్లుచుండినచో, అది సూక్ష్మజీవులచేత నెమ్మదిగా మాగి, కోళ్లకు ఆరోగ్యమునే యిచ్చును. పొడిదనమే అక్కడను నిబంధన.

ఈ చరిత్రనుండి మన పెరటికి వచ్చునది కొంచెమే, కాని అమూల్యము. మనకు క్వెబెక్ చలి లేదు. అరకు, లంబసింగి, ఆదిలాబాదు ప్రాంతములను విడిచినచో మన చలి కోడిని చంపునది కాదు. మంచుతడి, గాలివిసురు మాత్రము మనకును కలవు. గూడు మంచు పడని చూరుక్రింద నుండవలెను. ఉత్తరపుగాలి వచ్చువైపు తడికో గోనెయో కట్టి, ఎదుటివైపున కోడితలకు పైయెత్తులో గాలి వెడలుటకు సందు విడువవలెను. నేలపై బెత్తెడు మందమున వరిఊక పోసి, దినమున కొకసారి కలియబెట్టి, తడిసినంతమేర తీసివేయవలెను. కూర్చుండు కఱ్ఱ బల్లపరుపుగా రెండు మూడు అంగుళముల వెడల్పుండవలెను. పాత తట్టలో పొడిమట్టి, కట్టెపొయ్యి బూడిద కలిపి ఎండ తగులుచోట పెట్టవలెను. రంగువేసిన కట్టెల బూడిదయు, బొగ్గుబూడిదయు పనికిరావు. ప్రొద్దుగూకువేళ ఒక గుప్పెడు జొన్నలో మొక్కజొన్నలో వేసినచో, అరుగుచు రాత్రియెల్ల వేడినిచ్చును. తోకక్రింద రెట్ట అంటుకొన్నచో ఆ భాగమును మాత్రము గోరువెచ్చని నీట తుడిచి, పూర్తిగా ఆఱినపిదపనే బయటికి వదలవలెను.

పరీక్ష యొకటి మేము చెప్పెదము. తెల్లవాఱగనే గూటి తలుపు తీసి, కోడితల యుండు నెత్తున ముఖము పెట్టి ఊపిరి పీల్చి చూడుడు. కన్నులు మండినను, చేతితో తాకగా కప్పు చెమర్చియున్నను, ఆ రాత్రి మీ కోడి కష్టపడినదని యర్థము. అప్పుడు మఱియొక గోనె కప్పక, మఱియొక సందు తెఱువవలెను. వేడిదీపము వ్రేలాడదీయుదమని కొందఱు తలంతురు. ఎండిన ఊకపై దీపము పడి గూళ్లు తగులబడిన ఘటనలు విదేశములలో పలుమాఱు జరిగినవి. గురక వినవచ్చినచో జలుబేయని ఊరకుండక పశువైద్యుని అడుగవలెను. కొక్కెర తెగులునకు టీకా ముందే వేయింపవలెను. కోడిని ముట్టిన చేతులు సబ్బుతో కడుగుకొనుటను పిల్లలకు నేర్పవలెను. ముద్దు చేయవచ్చును గాని ముద్దు పెట్టుకొనరాదు.

మా నల్లకోడి సంగతి చెప్పక ముగించుట న్యాయము కాదు. అది ఆ దినమెల్ల బూడిదలో ముడుచుకొని కూర్చుండి, సాయంకాలమునకు ఈకలాఱి, రెండుదినములకు గురక తగ్గి తేఱుకొన్నది. తరువాత మూడు చలికాలములు బ్రతికినది. మా గంపకు గోనె మరల ఎన్నడును నాలుగువైపుల దిగలేదు. ఆనాటి రాత్రి మాకు దానిపై ప్రేమ తక్కువై కాదు. అది ఏ ప్రాణియో, దానికి ఏమి కలదో, ఏమి లేదో మేము అడుగలేదు. మాకు చలివేసినది గనుక దానికిని దుప్పటి కప్పితిమి. రోమనుల పొగనుండి బోస్టను అద్దపుగోడలవఱకు జరిగినదియు ఇంతే. ఈ రాత్రి పెరటి తలుపు మూయబోవుముందు, శ్రోతలు ఒక్క నిమిషము గూటిచెంత నిలిచి, కోడికాళ్లక్రింద నేలను చేతితో తాకి చూతురని మా ఆశ. అది పొడిగా నున్నచో నిశ్చింతగా నిదురింపవచ్చును. తెల్లవాఱుజామున మిమ్ము లేపుట దాని పని.